గవ్వలపాళెం కొలత

ఎండాకాలం వస్తే గవ్వలపాళెంలో మంచినీళ్లకి చెలమలే దిక్కు. దిబ్బ వెనక, సరుగుడు తోపు నీడలో ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడేవాళ్లు. గుంట అడుగున ముందు చెమ్మ తగిలేది. ఆ చెమ్మలోంచి నీరు నిదానంగా ఊరేది. దాన్ని కలగకుండా కొబ్బరిచిప్పతో ఎత్తి కుండ నింపుకునేసరికి పూట గడిచిపోయేది. పైన సరుగుడు ఆకుల హోరూ దిబ్బ అవతల సముద్రం హోరూ కలిసి ఒకటే శబ్దమై, కూర్చున్నవాళ్లకి కునుకు పట్టేది. కళ్లు తెరిచి చూస్తే చెలమలో చిన్న ఆకాశం ముక్క ఊరి ఉండేది.

ఎలిశబెతు చిన్నప్పుడు చెలమలతో పని లేదు. అప్పటి గవ్వలపాళెం దిబ్బకి అవతల, సముద్రం వైపున ఉండేది. ఇటుకలతో కట్టిన బావి ఉండేది. తరువాత సముద్రం ఏటికేడూ ఒడ్డుని కోసుకుంటూ వచ్చింది. ముందు పడవలు లాగి పెట్టుకునే మెరక పోయింది. ఆ వెనక సమాధుల తోట పోయింది. ఆఖరికి ఒక తుఫానులో సగం ఇళ్లు కొట్టుకుపోతే, మిగిలినవాళ్లు దూలాలూ కుండలూ మోసుకుని దిబ్బ దాటి, దానికీ బకింగ్‌హాం కాలువకీ నడుమ ఇసుకలో గుడిసెలు వేసుకున్నారు. సముద్రం వెనక్కి తగ్గేదాకా ఉందామని వేసుకున్న గుడిసెలు. అప్పటికి ఎలిశబెతుకి ఇంకా పెళ్లి కాలేదు. ఇప్పుడు ఆమె కూతురికే పెళ్లీడు వచ్చింది.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో, సైకిలు మీద ఒక గ్రామసేవకుడు వచ్చి సమితివాళ్లు పాళేలకి మంచినీళ్ల బావులు తవ్విస్తున్నారనీ, అర్జీ పెట్టుకోమనీ చెప్పి వెళ్లాడు. ఎలిశబెతు మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఆమె మొగుడు హెబ్రోను కాలువ పడవల మీద ఉప్పూ సరుగుడు కట్టెలూ వేసుకుని మద్రాసు పోతే ఎప్పటికో వచ్చేవాడు. అందుకని ఆమే కూర్చుని అర్జీ రాసింది. కొన్నాళ్లకి జవాబు వచ్చింది. మీరు చూపిన స్థలంలో గవ్వలపాళెం అనే ఊరు లేదు, కాబట్టి బావి మంజూరు చేయడానికి వీలు లేదు అని అందులో ఉంది.

ఆమె ఆ జవాబుని రెండోసారి చదువుకుని, తలెత్తి చుట్టూ చూసింది. పొరుగున పేరమ్మ ఇంటి కప్పు మీద గుమ్మడి పాదు పూసి ఉంది. ఎవరింట్లోనో పసిబిడ్డ ఏడుస్తోంది. ఊరు లేదట.

మర్నాడు కాలువ దాటి కరణం పద్మనాభయ్యగారింటికి వెళ్లింది. చుట్టుపక్కల పాళేలన్నిటికీ ఆయనే కరణం. నిదానస్తుడు. ఆమె మెట్టు కింద వాకిట్లో నిలబడి సంగతి చెబితే ఆయన లోపలికి వెళ్లి, గుడ్డ మీద అంటించిన పటం ఒకటి తెచ్చాడు. అరుగు మీద పరిస్తే ఆమెకి కనిపించదని అనుకున్నాడేమో, దాని రెండు మూలలూ పట్టుకుని అరుగు అంచు నుంచి కిందికి వేలాడదీశాడు.

"ఇదుగో మీ ఊరు. ఇక్కడుంది," అన్నాడు.

ఎలిశబెతు దగ్గరికి వచ్చి చూసింది. వెలిసిపోయిన నీలం రంగు గీత సముద్రం. ఆ గీతకి ఎంతో ఎడంగా చిన్న చిన్న గళ్లు, ఇళ్లు. వాటి మధ్య సన్నటి దారి. దారి చివర సున్నా చుట్టి పక్కన ‘బావి’ అని రాసి ఉంది. పటం మీద గాలి ఆడుతున్నప్పుడల్లా ఆ గళ్లు ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి పడుతున్నాయి. ఆమెకి ఆ దారి తెలుసు. తడి పాదాలతో ఎన్నిసార్లు నడిచిందో. కుడి చేతి వైపు మూడో గడి వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ మగ్దలీనమ్మ చేట పట్టుకుని ఆ వాకిట్లో ఇంకా కూర్చునే ఉందనిపించింది. వేలు పెట్టి చూపించబోయి, కాగితం మాసిపోతుందని ఆపుకుంది.

"పెట్టు, ఫరవాలేదు," అన్నాడు పద్మనాభయ్య.

ఆమె వేలు పెట్టింది.

"రికార్డులో ఇది గ్రామనత్తం. అంటే ఇళ్లు కట్టుకుని ఉండడానికి సర్కారు వదిలిన చోటు. ఇప్పుడు మీరుండే చోటేమో ఇసుక పోరంబోకు. అక్కడ ఇళ్లు ఉన్నట్టు ఏ కాగితంలోనూ లేదు. సమితివాళ్లు బావి వెయ్యాలంటే మీ నత్తంలోనే వెయ్యాలి."

"అది సముద్రంలో ఉండాది గదా సామీ."

"పటానికి ఆ సంగతి తెలియదు కదమ్మా," అన్నాడాయన, పటం తప్పు కాదన్నట్టు.

దారి కూడా ఆయనే చెప్పాడు. కొద్ది రోజుల్లో అల్లూరులో జమాబందీ జరుగుతుంది. ఏటా పైఅధికారి వచ్చి ఊళ్ల లెక్కలు చూసి, జనం మొర వినే రోజు అది. పాత నత్తాన్ని కొట్టేసి, ఇప్పుడున్న చోటుని నత్తంగా రాయించమని అక్కడ అర్జీ పెట్టుకోవాలి. ఇంటి పెద్దలందరూ వేలిముద్రలు వెయ్యాలి. ముఖ్యంగా ఊరి పెద్ద వెయ్యాలి. ఆ అర్జీ ఎలా ఉండాలో ఆయనే చెబుతుంటే ఆమె అక్కడే నిలబడి రాసుకుంది.

గవ్వలపాళేనికి ఊరి పెద్ద అంటే ఎలిశబెతు తండ్రి కృపాదానమే. ఆదివారం పాకగుడిలో ముందుగా పాట అందుకునేది ఆయనే. పాత ఊళ్లో బావి కట్టినప్పుడు ఆయన కుర్రవాడు, కాలువ నుంచి ఇటుకలు మోశాడు. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి దిబ్బ ఎక్కి సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాడు. అంతా ఈ కొత్త చోటుకి అలవాటు పడ్డా, ఆయన మాత్రం తన గుడిసెకి మట్టి గోడ పెట్టనివ్వలేదు. తాటాకు తడికెలే. ఎప్పుడంటే అప్పుడు విప్పుకుని పోవచ్చని.

గుడి ముందర అందరినీ కూర్చోబెట్టి ఎలిశబెతు అర్జీ చదివింది. "మేము సదరు గ్రామనత్తమును విడిచిపెట్టి, ఇప్పుడు..." అనేసరికి కృపాదానం చెయ్యెత్తాడు.

"ఎవురు విడిచిపెట్టింది?"

"కాగితంలో అట్టా రాస్తారు నాయనా."

"మీయమ్మ ఆడ ఉండాది. మీ జేజి ఉండాది. వాళ్లని విడిచిపెట్టి వచ్చినామని నేను వేలు ఎయ్యాల్నా?"

"నాయనా, నీళ్లు..."

"సముద్రం ఎనక్కి పోతాది. నేను చూడకపోయినా నువ్వు చూస్తావు. అప్పుడు పోదామంటే మనకి చోటు ఉండొద్దా? ఆ పేరు కొట్టేస్తే ఇంక మనం యాడోళ్లం?"

ఆయన లేచి దిబ్బ వైపు వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లలేదు. ఎవరో పిలిచినట్టు వెళ్లాడు. మిగిలినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వేలిముద్రలు వేశారు. ఆయనది ఒక్కటీ ఖాళీగా మిగిలింది.

ఆ రాత్రి ఆమె తండ్రికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది గానీ అర్జీ మాట ఎత్తలేదు. ఆయనే అన్నాడు, "బిడ్డా, నువ్వు పో. నేను అడ్డం రాను. నా వేలు మాత్రం అడగబాక."

అల్లూరులో జమాబందీకి పందిళ్లు వేశారు. పడవలో వచ్చినవాళ్లూ ఎడ్లబండ్లలో వచ్చినవాళ్లూ తాటాకు నీడలో గుంపులుగా కూర్చున్నారు. చుట్టూ కోతకోసిన మళ్లు ఎండలో మెరుస్తున్నాయి. పేర్లు పిలిచే బంట్రోతు గొంతు ఎంతో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఎలిశబెతు తన ఊరి పేరు కోసం వింటూ వింటూ, తోడు వచ్చిన పేరమ్మ భుజం మీద తల వాల్చింది. పేరు పిలిచినప్పుడు నిజంగా పిలిచారో కలలో పిలిచారో తెలియక ఒక్క క్షణం కదల్లేదు.

"నిన్నేమే! గవ్వలపాళెం అంటుండాడు, లెయ్యి!" అని పేరమ్మ ఆమెని తట్టి లేపింది.

బల్ల వెనక కూర్చున్న అధికారి అర్జీ చదివాడు. పక్కనే నిలబడ్డ పద్మనాభయ్య పటం పరిచి చూపించాడు.

"ఈ నత్తం ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగాడు అధికారి.

"సముద్రంలో ఉండాది సార్."

అధికారి తలెత్తి ఆమె మొహం చూశాడు. వెటకారం కాదని తెలిసినట్టుంది. "అంతా సముద్రంలోనేనా?"

"బావి కనపడతాది సార్, నీళ్లు పాటు మీద ఉన్నప్పుడు."

ఆయన స్థలం కొలిచి రిపోర్టు పంపమని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి రాశాడు. ఊరి పెద్ద వేలిముద్ర లేదని గుర్తించి, ఆయన వాంగ్మూలం కూడా తీసుకోమని కింద ఒక మాట చేర్చాడు.

ఇన్‌స్పెక్టరు గంగాధరం వచ్చేసరికి ఎండలు ఇంకా ముదిరాయి. ఆయన వెంట గొలుసు లాగే ముత్యాలయ్య ఉన్నాడు. పద్మనాభయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. కాలువ గట్టున సర్వే రాయి ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. అక్కడి నుంచి కొలత మొదలుపెట్టారు. ముత్యాలయ్య ఇనప గొలుసు లాగుతూ ముందు నడవడం, అది బిగిసిన చోట ఇసుకలో మేకు గుచ్చడం, గంగాధరం రాసుకోవడం. ఊరంతా వాళ్ల వెనకే నడిచింది. గుడిసెల మధ్య నుంచి, సరుగుడు తోపులోంచి, చెలమల పక్కనుంచి దిబ్బ ఎక్కారు. గొలుసు ఇసుక మీద పాములా గీత గీసుకుంటూ పోయింది.

దిబ్బ మీద కృపాదానం ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు.

సముద్రం పాటు మీద ఉంది, అలలు లోపలికి తీశాయి. ఎండకి దాని రంగు పోయి పాలలా ఉంది. ఒడ్డుకి కొంత దూరంలో, అలల మధ్య పాత బావి ఒర నిలబడి ఉంది. చుట్టూ ఉన్న నేలంతా కొట్టుకుపోయి, భూమిలో ఉండాల్సిన బావి బయటపడి, గుండ్రటి గోపురంలా ఒంటరిగా మిగిలింది. అల వచ్చినప్పుడు దాని నడుం దాకా నురుగు. అల పోయినప్పుడు ఇటుకల మీద నాచు. దాని మీద ఒక కొంగ వాలి ఉంది. గంగాధరం చాలాసేపు దాన్నే చూశాడు. తరువాత పటం చూసి, "ఆ సున్నా ఇదేనా?" అని అడిగాడు.

"ఇదే," అన్నాడు పద్మనాభయ్య. గొడుగు ముడిచి పట్టుకున్నాడు.

నత్తం హద్దు ఒడ్డున మొదలై నీళ్లలోకి పోతోంది. ముత్యాలయ్య పంచె ఎగ్గట్టి అలల్లో దిగాడు. గొలుసు చాచి మేకు గుచ్చాడు. అల వచ్చి దాన్ని పీకి ఇసుకలో దొర్లించింది. మళ్లీ గుచ్చాడు. మళ్లీ అదే.

"అయ్యా, నిలవడంల్యా," అని అరిచాడు.

ఇక్కడితో ఆపేద్దామని గంగాధరం అంటూ ఉండగానే కృపాదానం దిబ్బ దిగి వచ్చాడు. నీళ్లలోకి నడిచి, మేకు ఉండాల్సిన చోట నిలబడ్డాడు.

"నేను నిలబడతా. నన్నే మేకు అనుకో," అన్నాడు ముత్యాలయ్యతో. "లాక్కో."

ముత్యాలయ్య ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. ముసలాయన గొలుసు కొస రెండు చేతులా పట్టుకున్నాడు. ముత్యాలయ్య ఇంకా ముందుకి పోయాడు. అతను నిలబడ్డ చోటికి కృపాదానం వచ్చి మళ్లీ నిలబడ్డాడు. అలా ఇద్దరూ మోకాలి లోతు, నడుం లోతు నీళ్లలో ఊరిని కొలుచుకుంటూ పోయారు. అలల చప్పుడులో కృపాదానం మాటలు ఒడ్డుకి తెగి తెగి వినిపించాయి.

"ఇది గుడి... ఈడ ముత్తయ్యోళ్ల ఇల్లు... ఇది దారి. జాగర్త, పల్లం ఉండాది..."

లోపల ఏమీ లేదు, ఇసుకే. అయినా ముత్యాలయ్య పల్లం అన్న చోట ఆగి అడుగు తడిమి చూసుకుని వేశాడు. ఒడ్డున ఉన్న ఎలిశబెతుకి కాళ్లు తడుస్తున్న సంగతి కూడా తెలియలేదు. అరుగు అంచున వేలాడిన పటం నీళ్ల మీద పరుచుకున్నట్టుంది. తండ్రి దాని మీద నడుస్తున్నాడు.

బావి దగ్గరికి చేరి ఆయన ఇటుకల మీద చెయ్యి వేశాడు. కొంగ లేచిపోయింది. వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. అలలు వచ్చి వీపుకి తగులుతున్నా కదల్లేదు.

"నాయనా, ఇంక రా!" అని పిలిచింది ఎలిశబెతు, పోటు మొదలవుతుందని భయపడి.

కాసేపటికి ముత్యాలయ్య చెయ్యి పట్టుకుని ఆయన వచ్చాడు. వచ్చి తడి ఇసుకలో కూర్చున్నాడు. ఆమె పమిటతో ఆయన తల తుడిచింది.

"ఆడ నిలబడి చూస్తే దిబ్బ మిందగా మన కప్పుల కొనలు కనపడతుండాయి," అన్నాడాయన. "పొగలు లేస్తుండాయి. గుడి కొప్పు కనపడతుండాది. నేను ఇన్నాళ్లూ ఈ పక్కనించి ఆ పక్క చూడ్డమేగానీ..." అని ఆగి, "ఊరు మాదిరే ఉండాదిమే," అన్నాడు.

ఆమె ఆయన తల తుడుస్తూనే ఉంది.

గంగాధరం వాంగ్మూలం కాగితం తీసి, గొడుగు నీడలో చతికిలబడ్డాడు. "పెద్దాయనా, రాసుకోమంటారా?"

"రాసుకోండి సార్. విడిచిపెట్టినామని మాత్రం రాయొద్దు."

"అది మామూలుగా రాసే మాటే. ఇంకేమని రాసేది?"

"మేం విడిచిపెట్టలా. ఉన్నన్నాళ్లూ ఉండినాం. సముద్రం వచ్చి తీసుకున్నాది. జరిగింది అదే గదా."

గంగాధరం కలం పట్టుకుని కరణం వైపు చూశాడు. ఆయన నెమ్మదిగా, "తప్పేముంది, ఉన్న సంగతే," అన్నాడు. గంగాధరం ఒక పంక్తి కొట్టేసి మళ్లీ రాశాడు. రాసింది పైకి చదివాడు: "సదరు గ్రామనత్తమును సముద్రము తీసుకున్నది. ప్రజలు దిబ్బకు పడమర వైపున నివాసమున్నారు."

"ఇంకోసారి చదవండి సార్," అన్నాడు కృపాదానం.

ఆయన మళ్లీ చదివాడు. కృపాదానం కళ్లు మూసుకుని విన్నాడు. తరువాత తడి వేలు పంచె కొంగుకి తుడుచుకుని, సిరా రాయించుకుని, కాగితం మీద గట్టిగా అద్దాడు. ఉప్పునీటికి నానిన వేలు ముడతలు పడి ఉంది. ముద్ర అలలు అలలుగా పడింది. గంగాధరం సరిగా పడలేదేమో అని వెలుతురుకి ఎత్తి చూసి, చాల్లే అన్నట్టు మడిచి పెట్టుకున్నాడు.

హుకుం రావడానికి వానాకాలమూ చలికాలమూ గడిచాయి. ఎలిశబెతు రెండు మూడుసార్లు తాలూకా ఆఫీసుకి వెళ్లి వచ్చింది. వెళ్లినప్పుడల్లా రేపు మాపు అనేవాళ్లు. ఆమె విసుక్కోలేదు. ఆ నడవలో కూర్చుని, ఎవరు ఏ పనికి ఏ గదిలోకి వెళ్తున్నారో చూస్తూ ఉండేది. ఒకనాడు పద్మనాభయ్య కొత్త పటం పట్టుకుని తనే కాలువ దాటి వచ్చాడు. పాత గళ్లున్న చోట ఇప్పుడు నీలం రంగు వేసి ఉంది. దిబ్బకి ఇవతల కొత్త గళ్లు గీసి, పక్కన గవ్వలపాళెం అని రాసి ఉంది. ఆయన గుడి ముందు నులక మంచం మీద పటం పరిస్తే ఊరంతా వంగి చూసింది. ఎవరిల్లు ఏదో వెతుక్కుంటూ ఆ పూటంతా గడిపారు.

ఆ ఎండాకాలం సమితివాళ్లు మంజూరు చేసిన బావికి సిమెంటు ఒరలు కాలువలో పడవ మీద వచ్చాయి. ఆ పడవ హెబ్రోనుదే. ఒరల మధ్య నిలబడి గెడ వేస్తూ దూరం నుంచే కేకలు పెట్టాడు. తవ్వగా తవ్వగా నీళ్లు పడ్డాయి. మొదట్లో కొంచెం ఉప్పగా ఉన్నాయి, ఒక వాన కురిశాక తియ్యగా మారాయి. మొదటి చేద కృపాదానం చేతనే తోడించారు. ఆయన తాగి, మిగిలినవి పేరమ్మ చేతుల్లో పోశాడు. ఆ నెలలోనే తన గుడిసెకి మట్టి గోడలు పెట్టించాడు. మట్టి కలపడానికి నీళ్లు ఆ బావివే.

మరుసటి జమాబందీకి ముందు, ఉత్తరం వైపు పాళెం నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఎలిశబెతుని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకి బడి కావాలి. రికార్డులో తమ ఊరికి బడి ఉన్నట్టే ఉందట, ఊళ్లో మాత్రం లేదు. ఎలిశబెతు కుండ దించి, తల దువ్వుకుని వాళ్లతో బయలుదేరింది. పడవ కాలువ నడుమకి వచ్చేసరికి గట్లమీది తుమ్మచెట్లు ఒకటొకటే వెనక్కి జరుగుతున్నాయి. నీళ్లలో మేఘాలు పడవకి దారి ఇస్తున్నట్టు విడిపోయి, వెనక మళ్లీ కలుసుకుంటున్నాయి. వాళ్లలో చిన్నది భయంగా అడిగింది.

"అక్కా, దొరల ముందర ఏం మాట్లాడాల? మాకేం తెలవదే."

"ముందు కరణంగారి కాడికి పోదాం. మీ ఊరి పటం చూపించమందాం," అంది ఎలిశబెతు. "దాంట్లో మీ ఇల్లు యాడుందో చూసుకోండి. ఆ తరవాత మాటలు అయ్యే వస్తాయి."